బొమ్మ, బొమ్మ వెనుక లెక్క: బ్రౌజరులో రేఖాచిత్రాల చరిత్ర

డెట్రాయిట్ చుట్టుపక్కల తూర్పు పడమరలుగా సాగే పెద్ద రోడ్లకు అంకెలే పేర్లు. నగరం నడిబొడ్డు నుంచి ఎన్ని మైళ్ళు ఉత్తరంగా ఉంటే ఆ రోడ్డుకు ఆ పేరు. ఎనిమిదో మైలు రోడ్డు డెట్రాయిట్ నగరానికి ఉత్తరపు పొలిమేర. అక్కడి నుంచి మరో నాలుగు మైళ్ళు పైకి పోతే పన్నెండో మైలు రోడ్డు వస్తుంది. ఈ రోడ్డు పడమటి భాగం ఫార్మింగ్టన్ హిల్స్ గుండా పోతుంది. 1973లో నగరంగా ఏర్పడి, 2020 జనాభా లెక్కల నాటికి సుమారు 84 వేల మందికి నివాసమైన శివారు పట్టణమది. అదే రోడ్డు మీద పదిహేను ఇరవై మైళ్ళు తూర్పుగా వెళితే వారెన్ పట్టణంలో జనరల్ మోటార్స్ టెక్నికల్ సెంటర్ కనిపిస్తుంది. కంప్యూటరు చేత బొమ్మ గీయించడమనే పనికి ఈ రోడ్డు మీద రెండు చోట్లా చరిత్ర ఉంది. ఒకటి ఆ పని పుట్టిన తొలినాళ్ళది, రెండవది ఆ పని వేలమంది ప్రోగ్రామర్ల నిత్యకృత్యంగా మారిన కాలానిది.

వారెన్‌లోని జనరల్ మోటార్స్ పరిశోధనశాల ఐబీఎంతో కలిసి డాక్-1 అనే వ్యవస్థను నిర్మించి, 1964లో దాన్ని బయటి ప్రపంచానికి చూపించింది. కారు పైభాగపు వంపులను కాగితం మీది గీతలుగా గాక, గణిత సమీకరణాలుగా యంత్రంలో నిలిపి ఉంచడం దాని ఉద్దేశం. అంతకు ఒక ఏడాది ముందు, 1963లో, ఇవాన్ సదర్లండ్ ఎంఐటీలో స్కెచ్‌ప్యాడ్ మీద తన పరిశోధన వ్యాసం సమర్పించాడు. తెర మీద కాంతి కలంతో గీసిన గీతలను, ఈ రెండూ సమాంతరంగా ఉండాలి, ఈ రెండు కొసలూ కలిసే ఉండాలి అన్న నియమాలతో సహా ఆ ప్రోగ్రాము గుర్తుంచుకునేది. ఒక మూలచిత్రాన్ని మారిస్తే దాని ప్రతులన్నీ వాటంతటవే మారేవి. ఈ రెండు ప్రయత్నాల్లోనూ ఉన్న ఆలోచన ఒకటే: తెర మీద కనబడేది నీడ మాత్రమే, అసలు బొమ్మ యంత్రపు జ్ఞాపకంలో ఉన్న లెక్క.

ఫార్మింగ్టన్ హిల్స్ కథ తెలుగువారికి దగ్గరిది. గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పై చదువు పూర్తి చేసిన రాజేంద్ర వట్టికూటి 1985లో కంప్లీట్ బిజినెస్ సొల్యూషన్స్ అనే సాఫ్ట్‌వేర్ సేవల సంస్థను స్థాపించాడు. దాని ప్రధాన కార్యాలయం ఫార్మింగ్టన్ హిల్స్‌లో పన్నెండో మైలు రోడ్డు మీదే ఉండేది. 1997లో ఆ సంస్థ వాటాలు మార్కెట్టులోకి వచ్చాయి. 2001లో దాని పేరు కోవాన్‌సిస్ అయింది. 2007లో కంప్యూటర్ సైన్సెస్ కార్పొరేషన్ దాన్ని సుమారు 130 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ కొన్న సంస్థ కూడా 2017లో మరొక సంస్థతో కలిసి డీఎక్స్‌సీ టెక్నాలజీ అన్న కొత్త పేరు పెట్టుకుంది. ముప్ఫై రెండేళ్ళలో నాలుగు పేర్లు. ఈ మార్పుల వరుసను గుర్తుపెట్టుకోవడం అవసరం, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ లోకంలో పనిముట్ల ఆయుర్దాయం గురించిన ప్రశ్న ఈ వ్యాసానికి కేంద్రం.

1990లలో ఇలాంటి సంస్థల ద్వారా అమెరికా వచ్చిన ఇంజనీరుకు అప్పగించే మొదటి పని కొత్త ప్రోగ్రాము రాయడం కాదు, ఎవరో ఎప్పుడో కోబాల్‌లో రాసిపెట్టిన ప్రోగ్రామును చదివి అర్థం చేసుకోవడం. 2000 సంవత్సరపు తేదీల సమస్య ఈ పనికి అసాధారణమైన తొందరను తెచ్చింది. అర్థం చేసుకున్నదాన్ని నలుగురికీ చూపడానికి పెట్టెలు గీసి, బాణాలతో కలిపి, రేఖాచిత్రంగా ఇవ్వవలసి వచ్చేది. ఈ అలవాటు కంప్యూటరు కంటే పాతది. ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లోనే అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు కర్మాగారపు పనులను గుర్తులతో, గీతలతో చూపే పద్ధతిని ప్రతిపాదించారు. 1992లో షేప్‌వేర్ అనే సంస్థ తెచ్చిన విజియో ఈ పనిని ప్రతి బల్ల మీదికీ చేర్చింది. పెట్టెను లాగి పక్కన పెడితే దానికి అతుక్కున్న బాణం కూడా వెంట వచ్చేది. సదర్లండ్ స్కెచ్‌ప్యాడ్‌లోని ఆలోచన ముప్ఫై ఏళ్ళకు గుమాస్తా బల్ల మీదికి దిగి వచ్చిందన్న మాట.

ముగ్గు, ముగ్గు లెక్క

రేఖాచిత్రాన్ని దాచుకోవడంలో ఉన్న రెండు మార్గాలు తెలుగు వాకిట ముగ్గు వేసే వారికి కొత్తవి కావు. వాకిట్లో వేసిన ముగ్గు మధ్యాహ్నానికి చెదిరిపోతుంది. కాని దాన్ని నేర్చుకున్న అమ్మాయి నోటుపుస్తకంలో ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అని ఒక వరుస ఉంటుంది. ఆ ఒక్క వరుసతో ముగ్గుకు కావలసిన చుక్కల చట్రం మొత్తం మళ్ళీ నిలబడుతుంది, ఏ వాకిట్లోనైనా, ఏ కొలతలోనైనా. ముగ్గును ఫొటో తీసి పెట్టుకున్నా ముగ్గు మిగులుతుంది, కాని దాన్ని పెంచడానికీ, తగ్గించడానికీ, ఒక మూల మార్చడానికీ ఆ ఫొటో అక్కరకు రాదు.

కంప్యూటరు గ్రాఫిక్స్‌లో ఈ రెండింటికీ వేర్వేరు పద్ధతులున్నాయి. మొదటిది జ్ఞాపకం ఉంచుకునే పద్ధతి. ఇక్కడ పెట్టె, ఇక్కడ గీత అని ప్రోగ్రాము చెబుతుంది. గీసే యంత్రాంగం వాటిని జాబితాగా పెట్టుకుని, అవసరమైనప్పుడల్లా తానే మళ్ళీ గీస్తుంది. ఏ పెట్టె మీద నొక్కారో కూడా తానే చెబుతుంది. రెండవది గీసి మరచిపోయే పద్ధతి. ఆజ్ఞ అందగానే తెర మీది చుక్కలకు రంగులు మారతాయి, ఆ తరువాత అది పెట్టె అన్న సంగతి యంత్రాంగానికి తెలియదు. మొదటిదానిలో సౌకర్యం ఉంది, భారం ఉంది. రెండవదానిలో వేగం ఉంది, జ్ఞాపకపు బాధ్యత అంతా ప్రోగ్రాము రాసేవారి నెత్తిన ఉంది. బ్రౌజరులో రేఖాచిత్రాల పనిముట్టు కట్టాలనుకున్న ప్రతివారూ పాతికేళ్ళుగా ఎదుర్కొంటున్న ఎంపిక, అడుగున చూస్తే, ఈ రెంటి మధ్యనే.

రెండు ఖండాల మధ్య ఒక బొమ్మ

రేఖాచిత్రం బ్రౌజరులోకి రావలసిన అవసరం ఎందుకు కలిగిందో ఫార్మింగ్టన్ హిల్స్ వంటి చోటు నుంచి చూస్తే సులభంగా తెలుస్తుంది. ఖాతాదారు మిషిగన్‌లో, పనిచేసే బృందంలో సగం చెన్నైలోనో బెంగుళూరులోనో హైదరాబాదులోనో. ఇక్కడ గీసిన చిత్రాన్ని అక్కడ తెరవాలంటే అదే సాఫ్ట్‌వేరు, అదే కూర్పు, దానికి లైసెన్సు ఉండాలి. ఈమెయిలుకు తగిలించి పంపిన చిత్రాన్ని అక్కడివారు దిద్దేలోగా ఇక్కడివారూ దిద్దేవారు. ఏది అసలు, ఏది నకలు అన్న తగువు తెల్లవారేదాకా తెగేది కాదు. ఒకే చిరునామాలో ఒకే చిత్రం ఉండి, అందరూ దాన్నే చూసి, అక్కడే దిద్దగలిగితే ఈ చిక్కు విడిపోతుంది. ఆ వసతి బ్రౌజరుకే ఉంది.

కాని 1990ల బ్రౌజరుకు గీత గీయడం రాదు. 1993లో మొజాయిక్ బ్రౌజరు పాఠంతో పాటు అదే పుటలో బొమ్మను కూడా చూపి సంచలనం కలిగించింది గాని, ఆ బొమ్మ గీతల జాబితా కాదు, చుక్కల సముదాయం. అంటే ముగ్గు ఫొటో. విజియోలో ప్రాణంతో ఉన్న చిత్రం వెబ్ పుటలోకి రాగానే శిలగా మారేది. జావా ఆప్లెట్ల ద్వారా దీన్ని దాటే ప్రయత్నాలు జరిగాయి, ఫ్లాష్ ద్వారా మరికొన్ని జరిగాయి. ఇవి బ్రౌజరుకు బయటి నుంచి తగిలించిన అతుకులు. క్రోమ్ 2015లో అలాంటి పాత అతుకులకు ద్వారం మూసింది, ఫ్లాష్ 2020 డిసెంబరు 31తో ముగిసింది. వాటినే నమ్ముకుని కట్టిన పనిముట్లు వాటితోపాటే పోయాయి.

1998: రెండు ప్రతిపాదనలు

వెబ్‌లోనే గీతలుండాలన్న ఆలోచన 1998లో రెండు శిబిరాల నుంచి వచ్చింది. ఏప్రిల్‌లో అడోబి, ఐబీఎం, నెట్‌స్కేప్, సన్ సంస్థలు పీజీఎంఎల్ అనే భాషను వెబ్ ప్రమాణాల సంఘం ముందు పెట్టాయి. మే నెలలో మైక్రోసాఫ్ట్, మాక్రోమీడియా, ఆటోడెస్క్, హ్యూలెట్ పాకర్డ్, విజియో సంస్థలు వీఎంఎల్ అనే మరో భాషను తెచ్చాయి. రెండూ జ్ఞాపకం ఉంచుకునే పద్ధతివే. రెండింటిలోనూ గీతలు, పెట్టెలు చదవదగిన పాఠంగానే ఉంటాయి. సంఘం ఈ రెండింటినీ పక్కన పెట్టి, రెంటి నుంచీ నేర్చుకుంటూ ఎస్‌వీజీ అనే ఉమ్మడి ప్రమాణాన్ని తయారు చేసింది. దాని మొదటి కూర్పు 2001 సెప్టెంబరు 4న వెలువడింది.

ప్రమాణం వెలువడినంత మాత్రాన పని జరగలేదు. మైక్రోసాఫ్ట్ 1999లోనే తన ఐదవ ఎక్స్‌ప్లోరరులో వీఎంఎల్‌ను చేర్చింది, ఎస్‌వీజీని మాత్రం 2011లో తొమ్మిదవ ఎక్స్‌ప్లోరరు వచ్చేదాకా చేర్చలేదు. ఈ మధ్య కాలంలో ఎక్స్‌ప్లోరరులో ఎస్‌వీజీ చూడాలంటే అడోబి ఉచితంగా ఇచ్చిన వీక్షణి తగిలించుకోవాలి. అడోబి దానికి 2009 జనవరి 1 నుంచి ఆదరువు ఆపేసింది. మరోవైపు 2004లో ఆపిల్ తన డాష్‌బోర్డు కోసం కాన్వాస్ అనే కొత్త వస్తువును బ్రౌజరులో పెట్టింది. ఇది గీసి మరచిపోయే పద్ధతి. 2005 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 1.5 కాన్వాస్‌నూ, ఎస్‌వీజీనీ రెంటినీ తనలో చేర్చుకుంది.

ఆ విధంగా 2006 నాటికి బ్రౌజరులో బొమ్మ గీయదలచినవారి ముందు మూడు భాషలున్నాయి, ఏ ఒక్కటీ అన్ని బ్రౌజర్లలోనూ పనిచేయదు. కార్యాలయాల్లో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఎక్స్‌ప్లోరరే. గ్రాఫిక్స్ లైబ్రరీ అనే సరుకు విలువ ఈ సందులోనే పుట్టింది. పైకి ఒకే రకమైన ఆజ్ఞలు తీసుకుని, లోపల ఉన్న బ్రౌజరును బట్టి వీఎంఎల్‌గానో ఎస్‌వీజీగానో గీసిపెట్టే దుబాసీ అది. దిమిత్రీ బరనోవ్‌స్కీ 2008లో తెచ్చిన రఫాయెల్ ఈ దుబాసీ పనిలో పేరు పొందింది. అంతకు ముందే, 2005లో, జేగ్రాఫ్ సంస్థ ఎమ్ఎక్స్‌గ్రాఫ్ అనే లైబ్రరీని మొదలుపెట్టింది. ఇది గీతల దగ్గర ఆగలేదు. పెట్టెలు, వాటిని కలిపే గీతలు, ఆ గీతలు మలుపు తిరిగే తీరు, చేసిన మార్పును వెనక్కి తీసుకోవడం వంటి రేఖాచిత్రపు వ్యాకరణమంతా అందులో ఉంది. డ్రా డాట్ ఐఓ అన్న పేరుతో లోకప్రసిద్ధమైన పనిముట్టు దీని మీద కట్టినదే.

దుబాసీ బతుకు ఎంతకాలమన్న ప్రశ్నకు ఎమ్ఎక్స్‌గ్రాఫ్ చరిత్రే జవాబు చెబుతుంది. అది 2016 దాకా వాణిజ్య సరుకుగా నడిచి, తరువాత స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సు కిందికి వచ్చి, 2020 నవంబరులో ముగిసింది. దాన్ని నిర్మించినవారే చెప్పిన కారణం గమనించదగ్గది. ఎస్‌వీజీ తెలియని బ్రౌజర్లలో కూడా పనిచేయడమే దాని ప్రత్యేకత. ఆ బ్రౌజర్లు పోయాక ఆ ప్రత్యేకతా పోయింది. రఫాయెల్ అవసరమూ అలాగే తగ్గింది. రెండు భాషల మధ్య నిలబడి బతికినవాడికి ఇద్దరూ ఒకే భాష మాట్లాడడం మొదలుపెట్టిన రోజున పని ఉండదు. కాని డ్రా డాట్ ఐఓలో గీసిన చిత్రాలు మాత్రం పోలేదు. అవి ఎక్స్‌ఎంఎల్ రూపంలో, పెట్టెల జాబితాగా, గీతల జాబితాగా ఉన్నాయి. ఎమ్ఎక్స్‌గ్రాఫ్ నుంచి మాక్స్‌గ్రాఫ్ అనే వారసుడు కూడా పుట్టాడు.

మూడు అంతస్తులు

2011 తరువాత ఎంపిక సులువు కావలసింది, కాలేదు. అదే ఏడాది మార్చిలో వెబ్‌జీఎల్ మొదటి ప్రమాణం వచ్చి, బొమ్మలు గీయడానికి ప్రత్యేకించిన చిప్పు శక్తిని బ్రౌజరు చేతికి ఇచ్చింది. మైక్ బోస్టాక్, వదీమ్ ఒగియెవెత్స్కీ, జెఫ్రీ హీర్ స్టాన్‌ఫర్డ్‌లో డీ3ని తెచ్చింది కూడా అదే ఏడాది. వారు అంతకు ముందు చేసిన ప్రోటోవిస్ తనకంటూ ఒక సొంత చిత్రభాషను పెట్టుకుని, దాని చాటున ఎస్‌వీజీని దాచేది. డీ3 ఆ తెర తీసేసి, ఎస్‌వీజీనీ వెబ్ పుటనూ నేరుగా ప్రోగ్రామరు చేతికే ఇచ్చింది. ప్రమాణాన్ని దాచే లైబ్రరీ కంటే ప్రమాణాన్ని బయట పెట్టే లైబ్రరీకి ఆయుష్షు ఎక్కువ అన్న పాఠం ఇందులో ఉంది.

ఒకే లైబ్రరీని ఎంచుకుంటున్నామన్న భ్రమ చాలా ప్రాజెక్టులను ముంచింది. నిజానికి రేఖాచిత్రాల పనిముట్టులో మూడు అంతస్తులుంటాయి. అడుగున గీసే అంతస్తు: ఎస్‌వీజీ, కాన్వాస్, వెబ్‌జీఎల్, వీటి మీద ఉన్న ఫాబ్రిక్, కాన్వా, పేపర్ వంటి లైబ్రరీలు. కాన్వాస్‌లో ఏ పెట్టె మీద నొక్కారో తెలియదు కదా. అందుకు కాన్వా లైబ్రరీ కంటికి కనబడని రెండో కాన్వాస్‌ను దాచి ఉంచి, అక్కడ ఒక్కో ఆకారాన్ని ఒక్కో ప్రత్యేకమైన రంగుతో గీస్తుంది. నొక్కిన చోట ఏ రంగు ఉందో చూసి, ఆకారమేదో తెలుసుకుంటుంది. మరచిపోయే పద్ధతికి జ్ఞాపకాన్ని అతికించడానికి ఎంత ఉపాయం కావాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మధ్య అంతస్తులో రేఖాచిత్రపు వ్యాకరణం ఉంటుంది. జాయింట్‌జేఎస్, గోజేఎస్, మాక్స్‌గ్రాఫ్, రియాక్ట్ ఫ్లో వంటివి ఇక్కడివి. పై అంతస్తు అమరికది. ఏ పెట్టె ఎక్కడ ఉంటే చిత్రం చదవడానికి తేలికగా ఉంటుందో లెక్కగట్టే పని అది. దీనికి పునాది 1981లో కోజో సుగియామా, ఆయన సహచరులు ప్రచురించిన పద్ధతి. పెట్టెలను వరుసలుగా విడగొట్టడం, వరుసల మధ్య గీతలు ఒకదాన్నొకటి దాటడాన్ని తగ్గించడం, ఆ తరువాత చోట్లు నిర్ణయించడం ఇందులో మెట్లు. గీతల దాట్లను అతి తక్కువకు తేవడం కంప్యూటరుకు కూడా కష్టసాధ్యమైన లెక్కల కోవలోకి వస్తుందని 1983లో గేరీ, జాన్సన్ నిరూపించారు. అందువల్ల ఏ లైబ్రరీ ఇచ్చే అమరికైనా ఉజ్జాయింపే. బెల్ ప్రయోగశాలల నుంచి వచ్చిన గ్రాఫ్‌విజ్, ఆ దారినే నడిచిన డాగ్రీ, ఈఎల్‌కే ఈ అంతస్తువే.

ఈ మూడింటినీ విడివిడిగా చూసినవారి పనిముట్లు నిలిచాయి. డ్రా డాట్ ఐఓ ఎస్‌వీజీని ఎంచుకుంది. 2020లో మొదలైన ఎక్స్‌కాలిడ్రా చేతిరాత వంటి గీతల కోసం కాన్వాస్‌ను ఎంచుకుంది. ఒకే పుటలో ఎన్నో చిత్రాలు పట్టించవలసిన ఫిగ్మా వెబ్‌జీఎల్ దారి పట్టింది. మూడూ జయించాయి. కాబట్టి ఏ గీతభాష గొప్పదన్న వాదానికి చరిత్రలో తీర్పు లేదు. ఈ మూడింటికీ సామాన్యమైన లక్షణం వేరే ఉంది: చిత్రపు వివరం గీసే యంత్రాంగం లోపల గాక, దాని బయట స్వతంత్రమైన జాబితాగా ఉండడం.

స్త్రీ అన్న మాట దగ్గర పరీక్ష

ఆంగ్లంలో మాత్రమే ఆలోచించి చేసిన ఎంపిక తెలుగు దగ్గర బయటపడుతుంది. రేఖాచిత్రంలో పెట్టెలు ఎన్ని ఉంటాయో మాటలూ అన్ని ఉంటాయి. ‘స్త్రీ’ అన్నది తెలుగు చదువరికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఈ ఆరింటినీ ఒక ఆకారంగా మలచడం ఫాంటూ, దాన్ని చదివే మలుపుయంత్రమూ కలిసి చేసే పని. ఎస్‌వీజీలోనూ, కాన్వాస్‌లోనూ మాటను మొత్తంగా అప్పగిస్తే బ్రౌజరే ఆ పని చేసిపెడుతుంది. పెట్టెలో పట్టించడానికి లైబ్రరీ మాటను సంకేతానికొకటిగా ముక్కలు చేసి కొలిచిందా, వత్తులు ఊడి విడివిడిగా పడతాయి.

వెబ్‌జీఎల్‌లో చిక్కు ఇంకా పెద్దది. అక్కడ మాటలు లేవు, త్రికోణాలూ రంగుపలకలూ మాత్రమే. ఆంగ్లానికైతే వంద అక్షరరూపాలను ఒక పలక మీద ముందుగా అచ్చువేసి పెట్టుకుని, కావలసినదాన్ని తీసి అతికించవచ్చు. తెలుగులో హల్లు, వత్తు, గుణింతం కలిసి ఏర్పడే రూపాలకు అలాంటి చిన్న పలక చాలదు. హార్ఫ్‌బజ్ వంటి మలుపుయంత్రాన్ని వెంట తెచ్చుకోక తప్పదు. ఎత్తు విషయంలోనూ తేడా ఉంది. ‘రాష్ట్రం’లో వత్తులు ఒకదాని కింద ఒకటి దిగుతాయి. ఆంగ్ల వరుస ఎత్తును లెక్కలోకి తీసుకుని గీసిన పెట్టెలో వాటి అడుగుభాగం తెగిపోతుంది. ఒక యంత్రంలో గౌతమి ఫాంటుతో సరిపోయిన మాట, మరో యంత్రంలో నోటో సాన్స్ తెలుగుతో పెట్టె దాటి బయటికి రావచ్చు.

ఈ విషయంలో ప్రమాణం కూడా ఆలస్యంగానే కళ్ళు తెరిచింది. వాడుకరి దృష్టిలో ఒక అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే యూనికోడ్ నియమాలు చాలాకాలం ‘స్త్రీ’ని మూడు ముక్కలుగా లెక్కపెట్టాయి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో చేర్చిన కొత్త నియమంతో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల సంయుక్తాక్షరాలు ఒక్కటిగా నిలిచాయి. యూనికోడ్ మొదటి కూర్పులో, 1991లోనే, తెలుగుకు చోటు ఉంది. ఆ చోటు నుంచి ఈ నియమం దాకా ముప్ఫై రెండేళ్ళు పట్టింది.

తెలుగు వెబ్ ముందే నేర్చుకున్న పాఠం

బొమ్మ వేరు, లెక్క వేరు అన్న తేడాను తెలుగువారు రేఖాచిత్రాల కంటే ముందే, లిపి విషయంలో, నష్టపడి నేర్చుకున్నారు. 1990ల చివర తెలుగు దినపత్రికలు వెబ్‌లోకి వచ్చినప్పుడు చాలావరకు తమతమ సొంత ఫాంట్లతో వచ్చాయి. వాటిలో దాచినది అక్షరం కాదు, అక్షరపు ముక్క ఆకారం. తలకట్టుకు ఒక సంఖ్య, వత్తుకు ఒక సంఖ్య, కొమ్ముకు ఒక సంఖ్య. ఆ ఫాంటు ఉన్నంతకాలం తెర మీద చక్కని తెలుగు కనిపించేది. ఫాంటు లేని యంత్రంలో అర్థంలేని గుర్తుల రాశి కనిపించేది. వెతకడానికి వీలు లేదు, అకారాది క్రమంలో పెట్టడానికి వీలు లేదు. పద్మ వంటి మార్పిడి పనిముట్లు ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక తయారు చేసుకుని ఆ రాశుల్లోంచి తెలుగును మళ్ళీ బయటికి తీయవలసి వచ్చింది.

అదే కాలంలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి చూడడానికి ఏ అందమూ లేనిది. తెలుగు మాటలను రోమను అక్షరాల్లో, కచ్చితమైన నియమాల ప్రకారం రాయడమే అది. ప్రవాసాంధ్రులు ఇంటర్నెట్ చర్చావేదికల్లో ఏళ్ళ తరబడి దాన్ని వాడారు. యూనికోడ్ వచ్చాక ఆ రాతలను తెలుగు లిపిలోకి మార్చడం చిన్న ప్రోగ్రాముతో అయిపోయింది, ఎందుకంటే అందులో దాచినది ఆకారం కాదు, అక్షరం. అందమైన ఫాంటుతో వచ్చినది పాడయింది, అందం లేని లెక్కతో వచ్చినది మిగిలింది. బ్రౌజరులో రేఖాచిత్రానికి లైబ్రరీని ఎంచుకునేవారికి దీనికంటే దగ్గరి దృష్టాంతం దొరకదు.

ఏం మిగులుతుంది

ఈ చరిత్ర నుంచి వచ్చే సలహా పట్టికగా ఇవ్వదగినది కాదు. ఏ లైబ్రరీ వేగవంతమన్న పోలిక ఏడాదికొకసారి మారుతుంది. కాని కొన్ని ప్రశ్నలు 1998లో ఎంత పనికివచ్చేవో ఇప్పుడూ అంతే పనికివస్తాయి. ఈ లైబ్రరీ రేపు ఆగిపోతే చిత్రాలు ఏ రూపంలో చేతిలో మిగులుతాయి? ఆ రూపం మరొకరు చదవగలిగినదా? దాని విలువ ఏదో ఒక బ్రౌజరు లోపాన్ని కప్పిపుచ్చడంలోనే ఉందా, లేక రేఖాచిత్రపు వ్యాకరణంలో ఉందా? అమరిక లెక్కను గీసే అంతస్తుతో ముడివేసిందా, విడదీసి ఉంచిందా? ‘రాష్ట్రం’ అన్న మాట పెట్టెలో పట్టిందా?

ఒక సంస్థ చిత్రాల సంపుటం ఆ సంస్థ జ్ఞాపకం. ఏ దత్తాంశం ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో, ఏ ప్రోగ్రాము ఏ ప్రోగ్రామును పిలుస్తుందో, ఆ సంగతి తెలిసిన మనిషి ఉద్యోగం మారాక లేదా దేశం మారాక, చెప్పగలిగేది ఆ చిత్రమే. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మొదలైన ఒక కంపెనీ పేరు ముప్ఫై రెండేళ్ళలో మూడుసార్లు మారితే, దాని ఖాతాదారుల వ్యవస్థలు మాత్రం చాలాచోట్ల నడుస్తూనే ఉంటాయి. పేరు మారినా పని ఆగదు. పని తెలిపే చిత్రం చదవరానిదైతే, ఆ పనిని కొత్తవారు మళ్ళీ మొదటి నుంచి, ఒక్కో వరుస చదువుతూ, కనుక్కోవాలి. లైబ్రరీ ఎంపికలో పణంగా పెట్టేది ఈ శ్రమనే.

ఇటీవలి పనిముట్లు ఈ పాఠాన్ని రెండు రకాలుగా జీర్ణించుకున్నాయి. 2014లో వచ్చిన మెర్మెయిడ్‌లో చిత్రాన్ని గీయనే గీయరు. దీని నుంచి దానికి బాణం అని మాటల్లో రాస్తే, ప్రోగ్రాము గీసిపెడుతుంది. 2022లో గిట్‌హబ్ దాన్ని తన పుటల్లోనే చూపడం మొదలుపెట్టింది. ఇక డ్రా డాట్ ఐఓ, ఎక్స్‌కాలిడ్రా రెండూ చిత్రాన్ని మామూలు పీఎన్‌జీ బొమ్మగా భద్రపరచేటప్పుడు, కోరితే, ఆ బొమ్మ ఫైలులోనే పెట్టెల జాబితానూ గీతల జాబితానూ దాచిపెడతాయి. చూసేవారికి అది ఫొటో వంటి బొమ్మే. అదే ఫైలును తిరిగి పనిముట్టులో తెరిస్తే పెట్టెలు కదులుతాయి, గీతలు వెంట వస్తాయి. ముగ్గు ఫొటో వెనుకనే ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అని రాసిపెట్టడం వంటిది ఇది. ఏ లైబ్రరీ ఎంచుకున్నా, ఆ ఒక్క వరుస రాసిపెట్టే వీలు అందులో ఉందా లేదా అన్నది ముందుగా చూసుకోవలసిన సంగతి.